పడక పక్కన పాట

నరాల వార్డులో రోగికి పాట వినిపించాలనుకుంటే ముందు ఇంట్లోవాళ్లను అడగాలి. పదిహేను నుంచి పాతికేళ్ల వయసులో ఆ మనిషి ఏం పాడుకునేవారు? ఆ వయసులో విన్నవి గట్టిగా నాటుకుంటాయి. మతిమరుపు జబ్బు ముదిరినా చాలామందిలో అవి మిగిలే ఉంటాయి. ఎవరో కూర్చిపెట్టిన 'ప్రశాంత సంగీతం' ఆ పని చేయలేదు.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. ఫిన్లాండ్‌లో పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు నచ్చిన పాటలు, ఇంకో జట్టుకు ఆడియో పుస్తకాలు రోజుకు కనీసం గంట చొప్పున రెండు నెలలు వినిపించారు. మామూలు చికిత్స అందరికీ అందింది. పాటలు విన్నవాళ్లలో మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మిగతావాళ్లకంటే బాగా తేరుకున్నాయి. ఏమీ వినిపించని మూడో జట్టుతో పోలిస్తే దిగులూ తక్కువే. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

అయితే దెబ్బతిన్న మెదడు త్వరగా అలిసిపోతుంది. మొదట్లో 15 నిమిషాలు చాలు. శబ్దం ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునేంత ఉండాలి, అంతకు మించకూడదు. నిద్రపట్టడానికైతే నిమిషానికి 60 నుంచి 80 తాళం దెబ్బలుండే నెమ్మది పాట మేలు. టీవీ రోజంతా మోగుతుంటే అది రొదే.

హెడ్‌ఫోన్ పెట్టేముందు తల చూడాలి. వాపు తగ్గించడానికి పుర్రె ఎముక ముక్క తీసిన చోట చర్మం కింద మెదడుకు ఎముక కాపు ఉండదు, పట్టీ ఒత్తిడి అక్కడ పడకూడదు. తలకు దెబ్బ తగిలి చెవినుంచి నీరు కారుతుంటే ఇయర్‌ఫోన్ వద్దే వద్దు. దిండు పక్కన చిన్న స్పీకరు సురక్షితం. మతి చెదిరి కలవరిస్తున్నవాళ్లకు ఆ స్పీకరు కంటికి కనబడాలి, లేకపోతే ఎక్కణ్నుంచో గొంతు వినబడి భయపడతారు.

పాట మొదలవకముందే మానిటర్‌లో గుండె వేగం, ఊపిరి వేగం రాసుకోండి. కనుబొమలు ముడిపడినా, పిడికిలి బిగిసినా, ఆ అంకెలు పెరుగుతూ పోయినా ఆపేయండి. అరుదుగా కొందరికి పాటే మూర్ఛను రేపుతుంది, ఆ చరిత్ర ఉందేమో ముందే డాక్టరును అడగాలి. కన్నీళ్లు మాత్రం వేరే సంగతి. పక్షవాతం తర్వాత కొందరికి అదుపు లేకుండా ఏడుపొస్తుంది, మనసులో అంత బాధ లేకపోవచ్చు కూడా. కంగారుపడి చటుక్కున పాట కట్టేయకుండా, "ఆపమంటారా? అవునంటే ఒకసారి కన్ను మూయండి" అని అడిగి, జవాబు కోసం ఓపిగ్గా ఆగాలి.

ఎడమ మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్లు కొందరు తెలిసిన పాటను పదాలతో సహా పాడేస్తారు. పాటకు కుడి మెదడు కూడా తోడ్పడుతుంది. ఇంట్లోవాళ్లు మాట వచ్చేసిందని సంబరపడి, "మంచినీళ్లు కావాలని అడుగు చూద్దాం" అంటారు. అది రాదు. రోగి ముఖం చిన్నబోతుంది. రాగంతో మాట నేర్పే పద్ధతి 1973 నుంచీ ఉంది, ఒక్కో అక్షరానికి ఎడమచేత్తో తాళం వేయిస్తూ నేర్పుతారు. ఆ పని శిక్షణ ఉన్న స్పీచ్ థెరపిస్టుది. పడక పక్కన మాత్రం పరీక్ష పెట్టకుండా ఆ చరణం కలిసి పాడండి.