పెట్రోలు చవకైతే ముందు మారేది తిరుగుడు కాదు, బండి

అమెరికాలో ‘గ్యాస్’ అంటే వంటింటి సిలిండర్ కాదు, కార్లో పోసే పెట్రోలు. 2014 జూన్ చివర్లో అక్కడ సాధారణ రకం పెట్రోలు సగటున గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) 3.70 డాలర్లు పలికింది. 2015 జనవరి చివరికి 2.04 డాలర్లకు దిగింది. ఏడు నెలల్లో దాదాపు 45 శాతం తగ్గుదల. మరి వాడకం ఎంత పెరిగింది? 2014లో రోజుకు సగటున 89 లక్షల బ్యారెళ్లు, 2015లో 92 లక్షల బ్యారెళ్లు. అంటే 3 శాతం. అందులోనూ కొంత ధర పుణ్యం కాదు, ఆ ఏడాది పెరిగిన ఉద్యోగాల పుణ్యం.

ఇది ఊహించనిదేమీ కాదు. పెట్రోలు ధర పాతిక నుంచి 50 శాతం తగ్గితే తప్ప కార్ల ప్రయాణం ఒక్క శాతం పెరగదని అమెరికా ఇంధన సమాచార సంస్థ 2014 డిసెంబరులోనే లెక్క చెప్పింది. 1990ల నడిమిలో అదే ఒక్క శాతానికి 12 శాతం తగ్గుదల చాలేది. ఇంకా వెనక్కి వెళ్తే తేడా మరీ ఎక్కువ: 1975-80 మధ్య ధర 10 శాతం మారితే వాడకం కొద్ది నెలల్లోనే 2 నుంచి 3 శాతం మారేది. 2001-06 నాటికి అది ఒక శాతం కూడా లేదు. ఇల్లు ఊరి చివర, ఆఫీసు మరో చివర, మధ్యలో బస్సు లేదు. అలాంటి చోట పెట్రోలు ఖరీదైనా ఆఫీసు మానరు, చవకైనా రెండుసార్లు వెళ్లరు.

ఈసారి ధర ఎందుకు పడిందో, అది బంకు దాకా ఎలా చేరిందో చూడాలి. అమెరికాలో షేల్ చమురు (రాతి పొరల్ని చీల్చి తీసేది) పొంగిపొర్లుతుండగా, ఉత్పత్తి తగ్గించేది లేదని 2014 నవంబరు 27న చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ తేల్చేసింది. 115 డాలర్ల దాకా వెళ్లిన బ్రెంట్ (ప్రపంచ ధరకు కొలబద్దగా చూసే ముడిచమురు) బ్యారెల్ జనవరికి 50 లోపుకొచ్చింది. బ్యారెల్‌కు 42 గ్యాలన్లు కాబట్టి, బ్యారెల్ మీద ఒక డాలరు తగ్గితే గ్యాలన్ మీద 2.4 సెంట్లు తగ్గాలి. 65 డాలర్లకు 1.56 డాలర్లు. బంకులో తగ్గింది 1.66. లెక్క దాదాపు సరిపోయింది. కారణం, పన్ను మారకపోవడం. ఫెడరల్ పన్ను 1993 నుంచీ గ్యాలన్‌కు 18.4 సెంట్లే, కదల్లేదు. న్యూజెర్సీ మాత్రం ఈ చవకను చూసుకుని 2016 నవంబరులో రాష్ట్ర పన్నును 23 సెంట్లు పెంచింది.

మన దగ్గర అదే పని పెద్ద ఎత్తున జరిగింది. 2014 నవంబరు, 2016 జనవరి మధ్య కేంద్రం తొమ్మిది దఫాలుగా లీటరు పెట్రోలు మీద 11.77 రూపాయలు, డీజిల్ మీద 13.47 రూపాయలు ఎక్సైజ్ సుంకం పెంచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా 2015 ఆరంభంలో వ్యాట్ భారం పెంచాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే బంధువు ‘ఇక్కడ సగానికి సగం తగ్గింది’ అంటుంటే విజయవాడలో బంకు రేటు అంతగా ఎందుకు దిగలేదో చాలామందికి అర్థం కానిది అందుకే.

అసలు మార్పు షోరూములో కనిపించింది. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగే ఇంటి లెక్క వేద్దాం. గ్యాలన్‌కు 25 మైళ్లిచ్చే సెడాన్‌కు 600 గ్యాలన్లు కావాలి. 3.70 డాలర్ల ధరకు 2,220 డాలర్ల ఖర్చు. ధర 2.04కు దిగాక ఆ ఇంటివాళ్లు 17 మైళ్లే ఇచ్చే పెద్ద ఎస్‌యూవీ కొన్నారనుకుందాం. 882 గ్యాలన్లు తాగినా బిల్లు 1,800 డాలర్లే. బండి పెద్దదైంది, వాడకం 47 శాతం పెరిగింది, అయినా జేబులో 420 డాలర్లు మిగిలాయి. ఈ లెక్క ముందు ఏ ప్రచారమూ నిలవదు. 2012లో అమ్మిన కొత్త బండ్లలో ఎస్‌యూవీలు, పికప్‌లు, వ్యాన్ల వాటా సగం దగ్గర ఉంటే, 2016కు పదింట ఆరయింది. అదే ఏడాది పెట్రోలు వాడకం రోజుకు 93 లక్షల బ్యారెళ్లకు చేరి 2007 నాటి రికార్డు దాటింది.

దీని విత్తనం 1975లో పడింది. అరబ్ దేశాల చమురు నిషేధం తర్వాత తెచ్చిన మైలేజీ చట్టం కార్లకు, తేలికపాటి ట్రక్కులకు వేర్వేరు గీతలు గీసింది. 1990ల చివర్లో కార్ల సగటు 27.5 మైళ్లు ఉండాలి, ట్రక్కులకు 20.7 చాలు. రైతులకూ మేస్త్రీలకూ అని ఇచ్చిన ఈ సడలింపులోకి పిల్లల్ని బడికి దించే ఎస్‌యూవీ కూడా దూరింది. 1986లో చమురు ధర కుప్పకూలింది. 1999 ఫిబ్రవరికి గ్యాలన్ 91 సెంట్లు. 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ లాంటివి ఆ చవకలోనే ఇంటింటి బండ్లయ్యాయి. గంటకు 55 మైళ్లన్న జాతీయ వేగ పరిమితినీ 1995లో ఎత్తేశారు. వేగం 55 నుంచి 70కి పెరిగితే గాలి నిరోధం 60 శాతం పైగా పెరుగుతుంది. చవక రోజుల్లో ఈ వృథా ఎవరికీ పట్టదు.

మరో చిత్రం. 2008 చివర్లో ధర పడినప్పుడు కొంతమంది 87 ఆక్టేన్ (ఇంజన్‌లో ముందే అంటుకోకుండా నిలిచే గుణానికి కొలత) ఉండే సాధారణ పెట్రోలు వదిలి 93 ఆక్టేన్ ఉండే ఖరీదైన ప్రీమియం కొట్టించారని పరిశోధకులు గమనించారు. మిగిలిన డబ్బును పచారీ సరుకుల మీద పెట్టలేదు, పెట్రోలు డబ్బుగానే చూసి పెట్రోలు మీదే ఖర్చుపెట్టారు. 87కు తయారైన ఇంజన్‌కు 93 పోస్తే ఒరిగేదేమీ లేదు.

ధర ఒక్కటే చూసేవాళ్లు తప్పటడుగు వేసేది కూడా 2008లోనే. జూలైలో 4.11 డాలర్లున్న గ్యాలన్ డిసెంబరు చివరికి 1.61కి వచ్చింది, అయినా వాడకం పుంజుకోలేదు. మాంద్యంలో ఉద్యోగాలు పోయాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ధర సున్నా కిందకు, మైనస్ 37.63 డాలర్లకు జారింది. అదే నెలలో ఒక వారం పెట్రోలు వాడకం రోజుకు 51 లక్షల బ్యారెళ్లకు పడిపోయింది. వెళ్లడానికి చోటే లేదు.

తిరుగుడు తగ్గించుకోవాలంటే రేపే తగ్గించుకోవచ్చు. కొన్న బండి అలా పోదు. 2015లో అమెరికా రోడ్ల మీది బండి సగటు వయసు పదకొండున్నరేళ్లు. 2018లో సగటు ధర 2.72కు పెరిగినా వాడకం 93 లక్షల దగ్గరే ఉండిపోయింది. 2022 జూన్‌లో గ్యాలన్ 5 డాలర్లు దాటినప్పుడు బంకుల ముందు వరుస కట్టిన వాటిలో, 2 డాలర్ల రోజుల్లో కొన్న ఎస్‌యూవీలకు ఇంకా ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.