హిమాలయాల బాంజ్ ఓక్: అపోహలు – వాస్తవాలు

నేను ఉత్తరాఖండ్ కొండల్లో అడవుల పునరుద్ధరణ పనిలో ఉన్నాను. నైనిటాల్ చూడడానికి వచ్చే మనవాళ్లు అడిగే ప్రశ్నలూ, ఇక్కడి పల్లెల్లో వినిపించే నమ్మకాలూ చాలావరకు ఒకే చెట్టు చుట్టూ తిరుగుతుంటాయి. అది బాంజ్; శాస్త్రీయ నామం క్వెర్కస్ ల్యూకోట్రైకోఫోరా. సుమారు 1,200 నుంచి 2,300 మీటర్ల ఎత్తున పెరిగే ఈ సతత హరిత ఓక్‌కు పొగడ్తల కొదవ లేదు గానీ, ఆ పొగడ్తల్లో కొన్ని దానికే చేటు చేస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: అరకు కాఫీ తోటల్లో ఉన్నవి కూడా ఓక్ చెట్లే.

వాస్తవం: కావు. అరకు, పాడేరు తోటల్లో నీడ కోసం నాటి, మిరియాల తీగలు పాకిస్తున్న సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రెవిల్లియా రోబస్టా. దానికీ ఓక్‌కూ దగ్గరి బంధుత్వం లేదు. నిజమైన ఓక్‌ను కాయను బట్టి పోల్చుకోవాలి: అడుగున పొలుసుల గిన్నె, అందులో కూర్చున్న నున్నని గింజ. తూర్పు కనుమల్లో గానీ పడమటి కనుమల్లో గానీ సహజంగా పెరిగే క్వెర్కస్ (ఓక్ ప్రజాతి) చెట్టు ఏదీ లేదు. మన ఇళ్లకు ఓక్ చేరేది మూలికల దుకాణంలో దొరికే మాచికాయగానే, అదీ నిజానికి కాయ కాదు. పశ్చిమాసియాలో పెరిగే క్వెర్కస్ ఇన్ఫెక్టోరియా కొమ్మ మీద కందిరీగల వర్గానికి చెందిన ఒక చిన్న కీటకం గుడ్డు పెట్టినప్పుడు అక్కడ ఉబ్బే బుడిపె అది. దాని వగరుకు కారణం టానిన్లనే పదార్థాలు.

అపోహ: సతత హరితం కాబట్టి బాంజ్ ఆకు రాల్చదు.

వాస్తవం: బాంజ్ ఆకు ఆయుష్షు ఏడాదికి కాస్త అటూ ఇటూ. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఊదా ఛాయ లేత ఆకులు విచ్చుకుంటూ ఉండగానే పాతవి రాలిపోతాయి గనుక చెట్టు బోసిపోయినట్లు కనిపించదు. ముదురు ఆకు తోలులా మందంగా, అంచున రంపపు పళ్లతో, పైన నిగనిగలాడే ఆకుపచ్చగా ఉంటుంది; వెనక్కి తిప్పితే తెల్లని నూగు దట్టంగా పరచుకుని ఉంటుంది. పత్రరంధ్రాలు ఆ నూగు చాటున ఉండడం పొడిగాలుల కాలంలో నీటి నష్టాన్ని తగ్గించడానికి తోడ్పడుతుంది.

అపోహ: బాంజ్ నాటితే ఊట పుడుతుంది.

వాస్తవం: నేను అతి జాగ్రత్తగా జవాబు చెప్పే ప్రశ్న ఇదే. ఏ చెట్టూ నీటిని పుట్టించదు, పైగా తాగుతుంది. బాంజ్ అడవి చేసే మేలు నేల దగ్గర జరుగుతుంది. రాలిన ఆకులు పొరలు పొరలుగా కుళ్లి నల్లని మెత్తటి మట్టిగా మారతాయి, కొమ్మల మీద నాచు, ఫెర్నులు పెరుగుతాయి, వాన చినుకు నేరుగా నేలను కొట్టదు. జూన్ నుంచి సెప్టెంబరు లోపే ఏడాది వర్షంలో అధిక భాగం కురిసే ఈ వాలుల్లో నీరు పరుగెత్తిపోకుండా ఇంకడానికి ఇవన్నీ సాయపడతాయి. అయితే ఇంకిన నీరు ఎక్కడ ఊటగా బయటపడాలో నిర్ణయించేవి రాతి పొరల వాలు, వాటిలోని పగుళ్లు. పైగా బాంజ్ సహజంగానే తేమ ఉన్న చోట్లను ఇష్టపడుతుంది గనుక, ఊట పక్కన బాంజ్ కనిపించినంత మాత్రాన ఊటకు అదే కారణమని తేల్చడానికి వీల్లేదు. ఊరి ఊట ఎండిపోతే ముందు దానికి నీరు ఏ వాలు నుంచి వస్తోందో గుర్తించాలి. మొక్కలు నాటే మాట ఆ తరువాతిది.

అపోహ: చీర్ పైన్‌ను ఆంగ్లేయులు తెచ్చి బాంజ్‌ను చంపారు.

వాస్తవం: చీర్ పైన్ హిమాలయాల సొంత చెట్టే. దాని శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గీలో ఆంగ్లేయుల కాలపు పేరు ఉంది గానీ, మన సామర్లకోటలో ఏళ్లపాటు మొక్కలపై పరిశోధన చేసిన ఆ విలియం రాక్స్‌బర్గ్ దాన్ని ఎక్కడి నుంచీ తేలేదు. ఆంగ్లేయులు చేసింది వేరు: బంక కోసం, రైల్వే స్లీపర్ల కోసం పైన్‌కు పెద్దపీట వేశారు. 1921లో ఇక్కడి కుమావోన్ ప్రాంత గ్రామస్థులు అటవీ ఆంక్షలకు నిరసనగా నిప్పు పెట్టినప్పుడు ప్రధానంగా కాలినవి పైన్ అడవులే. మేతా వంటచెరకూ ఇచ్చే బాంజ్ జోలికి వారు పెద్దగా పోలేదు. నేటికీ మంటలకు తట్టుకునే మందపాటి బెరడు పైన్‌కు ఉంది, బాంజ్‌కు లేదు. కాలిన మోడు నుంచి బాంజ్ మళ్లీ చిగురిస్తుంది గానీ, ఏటా మంటలొస్తే ఆ చిగుళ్లు చెట్లుగా ఎదగలేవు.

అపోహ: అడవి పచ్చగా ఉంది కాబట్టి క్షేమంగా ఉంది.

వాస్తవం: తల ఎత్తి కాదు, వంచి చూడాలి. పెద్ద చెట్ల కింద మోకాలెత్తు మొక్కలు లేని బాంజ్ అడవులు ఇక్కడ చాలానే ఉన్నాయి. బాంజ్ వసంతంలో పూస్తుంది, కాయ మాత్రం మరుసటి ఏడాది చలికాలానికి గానీ పండదు. అందువల్ల చలికాలంలో పశువుల కోసం మండలు కొట్టినప్పుడు పండిన కాయతోపాటు వచ్చే ఏటి పిందె కూడా పోతుంది. ఏటా కొట్టిన చెట్టు చివరికి కొమ్మల్లేని స్తంభంలా, కొసన నాలుగు ఆకులతో మిగులుతుంది; అలాంటి చెట్టు కింద కాయలు వెదకడం దండగ. రాలిన కొద్దిపాటి కాయల్లో కొన్ని ముక్కుపురుగు పాలు, మరికొన్ని కొండముచ్చుల, ఎలుగుబంట్ల పాలు. మొలిచినదాన్ని మేక వదలదు. ఆడవాళ్లు మండలు కొట్టడమే తప్పని అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే మంచు కాలంలో పచ్చిమేత అదొక్కటే. ఏ వాలును ఏ ఏడు కొట్టాలో, ఏ వాలును వదలాలో వంతు వేసుకున్న వన పంచాయతీల్లో (ఊరివాళ్లే అడవిని చూసుకునే సంఘాల్లో) మాత్రం నేల మీద మొక్కలు కనిపిస్తున్నాయి.

అపోహ: బాంజ్ ఆకు ఎంత మేపినా పశువుకు హాని లేదు.

వాస్తవం: ముదురు ఆకును గడ్డితో కలిపి పెడితే ఇబ్బంది తక్కువ. వసంతపు లేత ఆకులనే ఎక్కువగా మేపితే వాటి టానిన్ల వల్ల మలబద్ధకం, మూత్రపిండాల దెబ్బ, ఒక్కోసారి మరణం కూడా సంభవిస్తాయి.

అపోహ: ఓక్ కలప కాబట్టి ఫర్నిచర్‌కు శ్రేష్ఠం.

వాస్తవం: ఆ పేరు ఐరోపా ఓక్‌లది. బాంజ్ కలప గట్టిదే గానీ ఆరేటప్పుడు వంకరపోయి పగులుతుంది. నాగళ్లకు, పనిముట్ల పిడులకు, బొగ్గుకు, పొయ్యికి పనికొస్తుంది. అంతకంటే నాకు ఆసక్తి కలిగించే ఉపయోగం దసలి పట్టు. తెలంగాణలో మహదేవ్‌పూర్ వైపు మద్ది చెట్ల మీద దసలి పురుగులను పెంచినట్లే, ఇక్కడ ఆంథెరియా ప్రోయ్లీ అనే సంకర జాతి పురుగును బాంజ్ ఆకు మీద పెంచుతారు.

అపోహ: గింజలు దాచుకుని వానాకాలంలో నాటవచ్చు.

వాస్తవం: పప్పు గింజల్లా ఎండబెట్టి దాస్తే ఇవి చచ్చిపోతాయి. కాయలు ఏరిన వెంటనే నీళ్లలో వేసి, తేలినవాటిని పారేసి, మునిగినవాటిని ఆలస్యం లేకుండా విత్తాలి. తల్లివేరు ముందుగా లోతుకు దిగుతుంది గనుక పొట్టి సంచుల్లో పెంచితే వేరు చుట్టుకుపోయి, కొండ మీద నాటాక మొక్క నిలవదు. ఇక పార్సిల్‌లో గింజలు పంపమని అడిగేవారికి చిన్న మనవి: కొండల చల్లదనంలో పెరిగే ఈ చెట్టు కోసం హైదరాబాద్ బాల్కనీలో కుండీ సిద్ధం చేసుకోకండి.