ఉచిత సేవైతే చట్టం అడ్డురాదా?

విదేశాల్లో వైద్య శిబిరాలకు వెళ్లే నర్సుని. బయల్దేరే ప్రతిసారీ కొత్తవాళ్ల నుంచి ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: పైసా తీసుకోవట్లేదు కదా, లైసెన్స్ ఎందుకు?

వాస్తవం: లైసెన్స్ అడిగేది ఫీజు తీసుకుంటున్నామని కాదు, రోగి మీద చెయ్యి వేస్తున్నామని. మన రిజిస్ట్రేషన్ మామూలుగా మన దేశం వరకే. అక్కడి నర్సింగ్ లేదా మెడికల్ కౌన్సిల్ అనుమతి, సరైన వీసా వేరుగా తీసుకోవాలి. ఉచితంగా సేవ చేసేవాళ్లకి కేసుల నుంచి రక్షణ ఇచ్చే వాలంటీర్ ప్రొటెక్షన్ యాక్ట్ (1997) అమెరికాలో ఉందిగా అని ఒకాయన వాదించాడు. అది ఆ దేశపు చట్టం. అక్కడ కూడా లైసెన్స్ కావాల్సిన పనికి లైసెన్స్ ఉంటేనే రక్షణ. వెళ్లేముందు, చికిత్సలో పొరపాటు జరిగితే ఆదుకునే మీ ఇన్సూరెన్స్ బయటి దేశంలో వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

అపోహ: డాక్టరే లేని చోట స్టూడెంట్ కుట్లు వేసినా మేలే.

వాస్తవం: మన దేశంలో చేయనివ్వని పని అక్కడా చేయకూడదు. అంతే.

అపోహ: రోగి తలూపితే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. ఒక పెద్దావిడకి చిన్న ఆపరేషన్ గురించి ఐదు నిమిషాలు చెప్పాను. కొడుకు దాన్ని వాళ్ల భాషలో రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆవిడ తలూపి వేలిముద్ర కూడా వేసింది. ఎందుకో అనుమానం వచ్చి, వేరే దుభాషిని పిలిచి “ఇప్పుడు మీకేం చేస్తారో మీరే చెప్పండి” అని అడిగించాను. ఫొటో తీస్తారనుకుందట! ఆ రోజు ఆపరేషన్ ఆపేశాం. అప్పట్నుంచి ఇంటివాళ్లని దుభాషిగా పెట్టను, ఈ ప్రశ్న అడగకుండా కాగితం ముందుకు జరపను.

అపోహ: మిగిలిన మందులు ఏవైనా పట్టుకెళ్లొచ్చు.

వాస్తవం: 1992–96 మధ్య, యుద్ధంతో దెబ్బతిన్న బోస్నియాకి విరాళంగా దాదాపు 17,000 టన్నుల పనికిరాని మందులు చేరాయని అంచనా. వాటిని పారేయడమే ఒక ఖర్చు. విరాళంగా ఇచ్చే మందుకి చేరేనాటికి సాధారణంగా కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అడగని మందు పంపొద్దని కూడా.

అపోహ: శిబిరం ముగిస్తే బాధ్యత తీరినట్టే.

వాస్తవం: బీపీ మాత్రలు 30 రోజులకి ఇచ్చి విమానం ఎక్కేస్తాం. 31వ రోజు ఆ మనిషి ఎవరి దగ్గరకి వెళ్లాలి? అక్కడి క్లినిక్‌లో దొరికే మందే రాయాలి, చీటీ వాళ్ల భాషలో ఉండాలి, కాపీ అక్కడి నర్సు చేతికివ్వాలి. మా టీమ్‌లో చివరి రోజు మొత్తం ఈ పనికే పెట్టుకుంటాం. ఆ రోజు కొత్త రోగుల్ని చూడం.