పాడైంది వీడియో కాదండీ: ఇంటి వీడియోలు టీవీలో వేసుకోవడం మీద అపోహలు - వాస్తవాలు

పాలకొల్లులో పెళ్లి వీడియోల ఎడిటింగు నా పని. సంక్రాంతి వారం వచ్చిందంటే నాకు షూటింగుల కంటే ఫోన్లు ఎక్కువ. హైదరాబాదు నుంచి, గల్ఫ్ నుంచి పిల్లలు దిగుతారు, హాల్లో 55 అంగుళాల కొత్త టీవీ ఉంటుంది, భోజనాలయ్యాక అందరూ కూర్చుని పెళ్లి వీడియో వేస్తే అది రాదు, లేదంటే ఆగి ఆగి వస్తుంది. "తమ్ముడూ, నువ్విచ్చిన వీడియో పాడైపోయిందయ్యా" అని అప్పుడు నాకు ఫోను. వెళ్లి చూస్తే వీడియో బాగానే ఉంటుంది, టీవీ బాగానే ఉంటుంది, మధ్యలో ఎక్కడో చిన్న తిరకాసు. ఈలోపు కొత్త కేబులో కొత్త పెన్‌డ్రైవో కొనేసి ఉంటారు, అదీ నా బాధ.

అపోహ: 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 9 జీబీ వీడియో ఎక్కట్లేదంటే అది డూప్లికేటు.

ఒక రిటైర్డ్ మాస్టారు సరిగ్గా ఈ మాటే అంటూ షాపుకొచ్చారు. "ఖాళీ ఉందండి బాబూ, మూడుసార్లు ప్రయత్నించాను, ఫైలు పెద్దది అంటుంది." పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను సర్దే పద్ధతి) దగ్గర ఫ్యాట్32 అని ఉంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఫార్మాట్ చేస్తే సరి. కానీ ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, మనవరాలి ఫొటోలతో సహా, కాబట్టి ముందు అవన్నీ కంప్యూటర్లోకి తీసుకోండి. పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్ చదవవు. మాస్టారి టీవీ అలాంటిదే, ఎన్‌టీఎఫ్‌ఎస్ పెడితే చదివింది. తలంబ్రాల మధ్యలో వీడియో టక్కున తెగిపోయిందని బెంగపడే వాళ్లు కూడా ఒక్కసారి ఆగండి. కామ్‌కార్డర్లు చాలా వరకు ఈ 4 జీబీ లెక్క వల్లే ఫైలును ముక్కలు చేస్తాయి. మిగతా తలంబ్రాలు పక్క ఫైల్లో ఉంటాయి.

అపోహ: ఎంపీ4 అయితే ఏ టీవీలోనైనా ఆడుతుంది.

ఎంపీ4, ఎంకేవీ అనేవి పెట్టెలు మాత్రమే. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పైనుంచి ఒకేలా ఉంటుంది, లోపల బెల్లమా పంచదారా అన్నది విప్పితేగానీ తెలియదు కదా, ఇదీ అంతే. లోపల వీడియోని కుదించిన పద్ధతి హెచ్.264 అయితే దాదాపు ప్రతి హెచ్‌డీ టీవీ ఆడిస్తుంది. అది 2003 నాటిది. హెచ్.265 వచ్చింది 2013లో, కాబట్టి అంతకు ముందు కొన్న టీవీకి అది తెలిసే అవకాశమే లేదు. ఐఫోన్లు 2017 నుంచి, కెమెరా సెట్టింగుల్లో 'హై ఎఫిషియెన్సీ' ఉంటే, తీసేది ఈ రెండో రకమే. అందుకే అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి ఫోన్ వీడియో నాన్నగారి పాత టీవీలో నల్లగా ఉండి మాటలు మాత్రం వినిపిస్తాయి. బొమ్మ వచ్చి మాట రాకపోతే తేడా సౌండు రకంలో ఉందన్నమాట. కంప్యూటర్లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో వీడియో వేసి కంట్రోల్, జే కలిపి నొక్కండి, లోపల ఏముందో మొత్తం చెబుతుంది.

అసలు పాత టీవీ మీద ఈ భారం పెట్టడం దేనికి? ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి వీఎల్‌సీలో వేస్తే ఫైలు విప్పే పనంతా ల్యాప్‌టాప్ చూసుకుంటుంది, టీవీకి బొమ్మ చూపించడమే పని. బొమ్మ టీవీలో, మాట ల్యాప్‌టాప్‌లో వస్తుంటే కంగారు పడకండి, విండోస్‌లో కింద సౌండ్ గుర్తు దగ్గర టీవీ పేరు ఎంచుకోవాలి, అంతే.

అపోహ: కేబుల్ ఎంత ఖరీదైతే బొమ్మ అంత బాగుంటుంది.

లేదు. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. సరిగా వెళ్తే అదే బొమ్మ, వెళ్లకపోతే చుక్కలు మెరుస్తాయి లేదా స్క్రీన్ నల్లబడుతుంది. బంగారు పూత వేసినంత మాత్రాన రంగులు పెరగవు. రెండు మీటర్లకు మామూలు హై స్పీడ్ కేబుల్ చాలు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి పది మీటర్లు లాగాలన్నా, 4కే బొమ్మ 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 సార్లు) కావాలన్నా అప్పుడు మంచి కేబుల్ చూసుకోండి.

అపోహ: నెట్ 100 ఎంబీపీఎస్ ఉంది, ల్యాప్‌టాప్ నుంచి టీవీకి వైఫైలో పంపితే ఆగే సమస్యే లేదు.

ఆ 100 అనేది బయటి నుంచి మీ ఇంటికి వచ్చే దారి. ల్యాప్‌టాప్ నుంచి టీవీకి వెళ్లేది మీ ఇంట్లో రౌటర్ గుండా, దానికీ మీ ప్లానుకీ సంబంధం లేదు. నెట్‌లో సినిమాలు ఆగకుండా వస్తున్నాయి కదా అంటారు. వాటిని బాగా కుదించి పంపుతారు కాబట్టి హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. మీ ఇంటి వీడియోని ఎవరూ అంతగా కుదించలేదు. ఐఫోన్‌లో 4కే, 60 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 400 ఎంబీ, అంటే (8తో గుణించి 60 సెకన్లతో భాగిస్తే) 50 ఎంబీపీఎస్ పైమాటే. రౌటర్ కింద హాల్లో, టీవీ మేడ మీద గదిలో ఉండి మధ్యలో స్లాబు ఉంటే వైఫై అంత మోయలేకపోవచ్చు. టీవీకి లాన్ వైరు లాగండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

అపోహ: బొమ్మ కుదుపుగా వస్తోందంటే ల్యాప్‌టాప్ పాతబడింది.

దీని మీద నాకు కొంచెం పట్టింపు ఉంది, ఎందుకంటే నేను కష్టపడి తీసిన షాట్లు ఇక్కడే పాడవుతాయి. రాజమండ్రిలో ఆర్చి బ్రిడ్జిని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా కెమెరా తిప్పి తీశాననుకోండి, టీవీలో ఆ ఆర్చిలు ఒక్కొక్కటీ తడబడుతూ కదులుతాయి. మన దగ్గర పెళ్లి వీడియోలు చాలా వరకు సెకనుకు 25 ఫ్రేములు, ల్యాప్‌టాప్ టీవీకి పంపేది సెకనుకు 60 సార్లు. 60ని 25తో భాగిస్తే 2.4, సమానంగా పోదు. అందుకని ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకొకటి మూడుసార్లు కనిపిస్తుంది, కంటికి అదే కుదుపు. డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి టీవీకి రిఫ్రెష్ రేట్ 50 హెర్ట్జ్ పెట్టి చూడండి. పాత కామ్‌కార్డర్ వీడియోల్లో మనిషి తల తిప్పినప్పుడల్లా అంచు వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే అది వేరే జబ్బు, ఇంటర్లేస్, అంటే ఒక్కో ఫ్రేమునీ గీత విడిచి గీతగా రెండు సగాలుగా తీయడం. వీఎల్‌సీలో డీ నొక్కితే పోతుంది.

అపోహ: పాత డీవీడీని 4కేలోకి మార్చిస్తే కొత్తదానిలా ఉంటుంది.

డీవీడీలో ఉన్నది 720 అడ్డం, 576 నిలువు. లేని పట్టుచీర జరీ ఎక్కడి నుంచి వస్తుంది? వాట్సాప్‌లో వచ్చిన వీడియోదీ ఇదే కథ, పంపేటప్పుడే నలిగిపోయింది. పంపేవాళ్లని డాక్యుమెంటుగా పంపమనండి, 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు వస్తుంది.

ఒక జాగ్రత్త. ల్యాప్‌టాప్ అంచు తగిలితే సన్నగా జివ్వుమంటుందా? చాలా ఇళ్లలో ఎర్తింగు సరిగా ఉండదు, వానాకాలం మరీ తెలుస్తుంది. అలాంటి చోట డిష్ వైరు ఉన్న టీవీకి, ఛార్జింగులో ఉన్న ల్యాప్‌టాప్‌కి కరెంటు ఉండగానే హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. రెండూ ఆపి, డిష్ వైరు తీసి, కేబుల్ పెట్టి, ఆ తర్వాత స్విచ్ వేయండి. నా పాత ల్యాప్‌టాప్ పోర్టు ఇలాగే పోయింది.

ఇక గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ మేనత్త గారు సగమే కనిపిస్తున్నారని నా కెమెరా మీద నింద వేసే వాళ్లకి: చాలా టీవీలు అలవాటుగా అంచుల్ని కొంచెం కోసి చూపిస్తాయి. రిమోట్‌తో పిక్చర్ సైజులోకి వెళ్లి 'స్క్రీన్ ఫిట్' అనో 'జస్ట్ స్కాన్' అనో ఉన్నది పెట్టండి, ఆవిడ పూర్తిగా కనిపిస్తారు.