ఉపసంహరణల వెనుక రుసుము లెక్క

అచ్చయిన పరిశోధన పత్రాలను జర్నళ్లు (పరిశోధన పత్రికలు) వెనక్కి తీసుకోవడం, అంటే ఉపసంహరణ, మళ్లీ రచ్చకెక్కింది. ప్రచురణ సంస్థల జవాబు పాతదే: డబ్బు తీసుకుని నకిలీ పత్రాలు తయారుచేసే 'పేపర్ మిల్లులు' తమనూ మోసం చేశాయట. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టి, తర్వాత ఉపసంహరణకు గురైన 1998 నాటి వైద్య జర్నల్ లాన్సెట్ పత్రం కథ అందరూ ఎరిగిందే. ఇవాళ్టి తగువు మూలం అక్కడ లేదు, 2021 జనవరి నాటి ఓ కొనుగోలులో ఉంది.

కైరోలో 1997లో పుట్టిన ప్రచురణ సంస్థ హిందావిని అమెరికా ప్రచురణ సంస్థ వైలీ ఆ నెలలో 29.8 కోట్ల డాలర్లకు కొన్నది. హిందావి జర్నళ్లను ఎవరైనా ఉచితంగా చదవగలిగేవారు, రుసుము కట్టేది రచయితల పక్షం. పత్రం అంగీకరిస్తేనే రాబడి, తిరస్కరిస్తే చాకిరీ మాత్రమే మిగులుతుంది. దానికి ప్రత్యేక సంచికలు తోడయ్యాయి. బయటి నుంచి వచ్చిన అతిథి సంపాదకుడే అంశం ఎంచుకుంటాడు, పత్రాల నాణ్యత తేల్చే సమీక్షకులనూ పిలుస్తాడు. కొన్నిచోట్ల కంచే చేను మేసింది.

సమీక్షలో కుమ్మక్కు బయటపడటంతో 2022 సెప్టెంబరులో 511 పత్రాల ఉపసంహరణ ప్రకటించారు. 2023 మార్చిలో 19 హిందావి జర్నళ్లు, ఎంపిక చేసిన జర్నళ్ల సూచిక అయిన వెబ్ ఆఫ్ సైన్స్ జాబితాలో చోటు కోల్పోయాయి. ఆ ఏడాది ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్న పత్రాలు 10,000 దాటితే, వాటిలో 8,000కు పైగా హిందావివే. డిసెంబరుకల్లా వైలీ ఆ పేరునే వదులుకుంటామంది.

ప్రత్యేక సంచికలను తామే కొంతకాలం ఆపామని, ఆదాయం పోయినా వెనకాడలేదని వైలీ అంటుంది. అది నిజమే.

కానీ హెచ్చరికలు అంతకు చాలా ముందే వచ్చాయి. సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్ 20,621 పత్రాల్లోని బొమ్మలను స్వయంగా కంటితో పరీక్షించారు. 3.8 శాతం పత్రాల్లో అనుమానాస్పద బొమ్మలున్నాయని, వాటిలో కనీసం సగం కావాలని మార్చినట్టు కనిపిస్తున్నాయని ఆమె, ఇద్దరు సహచరులు 2016లోనే ప్రచురించారు. 2021లో ఫ్రాన్స్ కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబనాక్ బృందం, దొంగిలించిన వాక్యాలు పట్టుబడకుండా సాఫ్ట్‌వేర్‌తో పర్యాయపదాలు మార్చి రాసిన పత్రాలను బయటపెట్టింది. ఇలాంటి నకిలీల వేటగాళ్లలో చాలామందికి ఇది జీతం లేని పని. పైగా కోర్టు బెదిరింపులు.

వీళ్ల వాదన సూటిగా ఉంది. పత్రాలు లెక్కపెట్టి పదోన్నతులిచ్చే విశ్వవిద్యాలయాలు గిరాకీ పుట్టించాయి. పత్రానికింత అని వసూలు చేసే సంస్థలు దాన్ని సొమ్ము చేసుకున్నాయి. మిల్లులు ఆ మధ్యలో మొలిచాయి.

ఇప్పుడు ప్రచురణకర్తలు నకిలీలను పట్టే సాఫ్ట్‌వేర్‌ను చూపిస్తున్నారు. పత్రం పంపినప్పుడే కొంత రుసుము తీసుకుంటే తిరస్కరించినా నష్టం ఉండదన్న సూచన ఏనాటిదో. రచయితల రుసుముతో నడిచే జర్నళ్లలో అత్యధికం ఇప్పటికీ బిల్లు పంపేది పత్రం అంగీకరించాకే.