కుప్ప చిన్నది కాదు, కళ్ళమే ఇరుకు

అమలాపురం

చిరంజీవి అమ్మలుకు, అది ఉత్తరం చదువుతుంటే వెనకనుంచి తొంగిచూసే బుజ్జిగాడికి, తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, నువ్వు ఫోన్లో అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ప్రశ్న బాగుంది, అందుకే తీరిగ్గా కాగితం తీశాను. "తాతయ్యా, నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఉంది, అందులో సగం కూడా నిండలేదు. అయినా మెమరీ చాలట్లేదంటుంది, ఏది నొక్కినా ఆలోచిస్తూ కూర్చుంటుంది. అబద్ధం చెబుతోందా?" అన్నావు.

అబద్ధం కాదు తల్లీ. నువ్వు చూస్తున్నది కుప్పని. అది మొత్తుకుంటున్నది కళ్ళం గురించి.

నువ్వు కళ్ళం చూడలేదు కదూ. ఇప్పుడు చేలో మిషను దిగి ఒక పక్క వరి కోస్తూ, ఇంకో పక్క గింజలు కుమ్మరిస్తోంది. మా చిన్నప్పుడు కోసిన వరిని పనలు కట్టి ముందు కుప్ప వేసేవాళ్ళు. కుప్ప ఎన్నాళ్ళున్నా ఉంటుంది, దానికి తొందర లేదు. తీరిక చూసుకుని చేలో ఓ మూల నేల చదును చేసి, నీళ్ళు చల్లి, గట్టిపరిచి, పేడతో అలికి కళ్ళం తయారుచేసేవాళ్ళు. కుప్పలోంచి పనలు లాగి అక్కడ పరిచి, ఎడ్లను వరసగా కట్టి తొక్కించేవాళ్ళు. గింజ రాలేది అక్కడే. తూర్పారబట్టేది అక్కడే. తరవాత బస్తాలకెత్తి ఇంటికి తెచ్చి గాదెలో పోసేవాళ్ళు.

నీ 512 జీబీ ఉంది చూశావూ, అది కుప్పా గాదే కలిపిన నిల్వ. దాన్ని ఎస్‌ఎస్‌డీ అంటారు. కరెంటు పోయినా, మూత మూసినా అందులో పెట్టింది అందులోనే ఉంటుంది. కానీ అక్కడ పని జరగదు. నువ్వు ఏ ఫైలు తెరిచినా, ఏ ప్రోగ్రాం మొదలుపెట్టినా కుప్పలోంచి పనలు లాగి కళ్ళంలో పరచాల్సిందే. ఆ కళ్ళం పేరే ర్యామ్. నీ యంత్రంలో అది 8 జీబీ. కుప్ప ఎంత పెద్దదైతేనేం, ఒక్కసారి నూర్చగలిగేది కళ్ళంలో పట్టినంతే.

మా పక్కచేను రైతుకి పంట మాకంటే ఎక్కువ, కళ్ళం మాత్రం చాపంత. సగం తొక్కించిన పనల్ని పక్కకి లాగడం, ఇంకో రకం పనలు పరచడం, మళ్ళీ మొదటివి తేవడం. ఎడ్లు ఖాళీగా నెమరువేస్తూ నిలబడేవి, మనుషులకి మాత్రం నడుం పడిపోయేది. నీ ల్యాప్‌టాప్ చేస్తున్నది అచ్చంగా అదే. ర్యామ్ నిండాక, నువ్వు ఆ క్షణాన చూడని వాటిని తీసి ఎస్‌ఎస్‌డీ మీద ఓ మూల పడేస్తుంది, నువ్వు అటు తిరిగితే మళ్ళీ తెస్తుంది. నువ్వు పడే విసుగంతా ఆ మోతచాకిరీదే.

ఆ మోతకి ఎంత సేపంటావా? ర్యామ్‌లోంచి ఒక ముక్క తేవడానికి ఒక సెకను పట్టిందనుకో. ఆ లెక్కన ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే పావుగంట పడుతుంది. పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్ అయితే ఒక రోజు దాటిపోతుంది. నిజానికి ఇవన్నీ సెకనులో అతి చిన్న వంతులే, కానీ ఆ దామాషా మాత్రం దాదాపు అంతే. అందుకే చెబుతున్నాను, మీ నాన్న పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా హార్డ్‌డిస్కే ఉంటే, దానికి ర్యామ్ కొనేముందు ఎస్‌ఎస్‌డీ వేయించమను. దానికొచ్చిన జబ్బు వేరు.

కళ్ళం అనగానే నాకు పుష్యమాసపు రాత్రులు గుర్తొస్తాయి. ధాన్యానికి కాపలా అని మా నాన్నతో వెళ్ళి గడ్డిలో పడుకునేవాణ్ణి. కింద గడ్డి వెచ్చగా, పైన గొంగళి గరుకుగా, ముక్కు మాత్రం మంచుగడ్డలా ఉండేది. కాపలా కాసిందేమీ లేదు, పడుకోగానే నిద్రే. నాన్న మాత్రం లేచి లేచి ఆకాశం చూసేవాడు. మబ్బు పట్టిందంటే నిద్రపోతున్న అందరినీ తట్టి లేపేవాడు. కుప్పలో ఉన్నది తడవదు, గాదెలో ఉన్నది తడవదు, కళ్ళంలో రాశి పోసినదే తడుస్తుంది. చీకట్లో గంపలతో ఎత్తి ఎత్తి, మిగిలినదాని మీద గడ్డి కప్పి, అందరం ఒళ్ళంతా దురదతో తెల్లారేదాకా కూర్చునేవాళ్ళం. ఆ దురద సంగతి నేను చెప్పినా మీకు తెలియదు, వరిగడ్డిలో దొర్లితేగాని.

నీకు ఈ సంగతి ఎందుకంటే, ర్యామ్‌లో ఉన్నది కూడా అలాంటిదే. యంత్రానికి కరెంటు అందడం ఆగితే చాలు, అంతా పోతుంది. మొన్న ప్రాజెక్టు రిపోర్టు సగం రాశాక పోయిందని ఏడ్చావుట, మీ అమ్మ చెప్పింది. రాసిందాన్ని ఎప్పటికప్పుడు సేవ్ చెయ్యి తల్లీ. గింజ గాదెకి చేరినప్పుడే మనది.

మీ నానమ్మ ఇక్కడిదాకా చదివి, "ఇంకా కళ్ళంలోంచి బయటికి రాలేదా" అంటోంది. వస్తున్నాను.

కొనేముందు నువ్వు చూడవలసిందేమిటంటే, నీకు నిజంగా కళ్ళం ఇరుకయిందా అని. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దానిలో మెమరీ. రోజూ చేసే పనంతా తెరిచిపెట్టుకుని చూడాలి సుమా, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. ఎప్పుడూ తొంభై శాతం దగ్గరే తచ్చాడుతుంటే ఇరుకన్నమాటే. యాభై, అరవైలో ఉండి కూడా నెమ్మదిగా నడుస్తుంటే ర్యామ్ కొని లాభం లేదు. కళ్ళం వెడల్పు చేసినంత మాత్రాన చేను ఎక్కువ పండదు. బ్రౌజర్లో నలభై ట్యాబులు తెరిచి ఒక్కటీ మూయనివాళ్ళు కూడా ముందు అవి మూసి చూడాలి. ఎవరినన్నానో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అదే తెరమీద కింద ఇంకో రెండు మూడు వరసలుంటాయి. వాటిని కాగితం మీద రాసుకో. "స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2" అని ఉంటే అదృష్టమే, ఒక చోటు ఖాళీ ఉంది. ఫారం ఫ్యాక్టర్ దగ్గర "సోడిమ్" అని ఉంటే ఊడదీసి పెట్టుకునే పలక. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే బోర్డుకే అతికించేశారని అర్థం, మార్చడానికి వీల్లేదు. ఈమధ్య సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇంతే. యాపిల్ మ్యాక్‌బుక్‌లయితే కొనేనాడు ఎంత తీసుకున్నావో జన్మంతా అంతే. నాకు ఈ పద్ధతి నచ్చదు. కొన్న మనిషికి స్క్రూడ్రైవరు పట్టే హక్కయినా మిగలాలి కదా. కానీ నన్నెవరు అడిగారు.

ఇక రకం. ర్యామ్‌లో తరాలున్నాయి: డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5. ఒకదాని చోట ఇంకోటి పట్టదు. ల్యాప్‌టాప్ పలకకి డీడీఆర్3లో 204 పిన్నులు, డీడీఆర్4లో 260, డీడీఆర్5లో 262. పలక అంచున ఒక గాడి ఉంటుంది, అది ఒక్కో తరానికి ఒక్కో చోట పెట్టారు, పొరపాటున కూడా దూరకుండా. దూరట్లేదంటే బలం చూపించకూడదు, తెచ్చింది వేరే రకం అయ్యుండాలి. కరెంటు కూడా తేడాయే. డీడీఆర్4కి 1.2 వోల్టులు, డీడీఆర్5కి 1.1. డెస్క్‌టాప్ పలక దీనికి రెట్టింపు పొడుగు, దాన్ని తేకు.

మీరుండేది హైదరాబాదే కనక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, మీరంతా సీటీసీ అంటారే, అక్కడికి వెళ్తావు. కౌంటర్లో కుర్రాడు రెండే అడుగుతాడు: "ఏ డీడీఆర్? బస్ స్పీడెంత?" స్పీడు అంటే 2666, 3200 లాంటి అంకె. అదీ టాస్క్ మేనేజర్లోనే ఉంటుంది. ఎక్కువ అంకెది కొంటే ఎక్కువ పరిగెడుతుందనుకోకు. ఎడ్లను జోడు కట్టినప్పుడు నెమ్మదైన ఎద్దు నడకే జోడు నడక. 2666 పక్కన 3200 పెడితే రెండూ 2666 దగ్గరే నడుస్తాయి. అందుకే ఉన్నదానికి సరిజోడు తెచ్చుకోవడం మంచిది. 8 పక్కన ఇంకో 8 పెడితే రెండు దారుల్లో ఒకేసారి సరుకు వస్తుంది, దాన్నే డ్యూయల్ ఛానల్ అంటారు. నీదాంట్లోలాగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాటికి ఇది మరీ లాభం, ఎందుకంటే బొమ్మలు గీసే భాగం కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది.

ఎంత చాలు అంటావు. ఉత్తరాలు రాసుకునే నాబోటివాడికి 8 సరిపోతుంది. నీ కోడింగుకి 16 చాలు. వీడియోలు కోసి అతికేవాళ్ళూ, ఒక కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ నడిపేవాళ్ళూ 32 కొనుక్కోనీ. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ప్రపంచంలో ఈ చిప్పులు ఎక్కువగా చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. వాళ్ళు చేసినదాంట్లో పెద్ద భాగాన్ని ఏఐ డేటా సెంటర్లు ఎత్తుకుపోతున్నాయి. కాబట్టి ఉన్న 8 తీసేసి కొత్తగా 16 ఒక్కటే కొనమని ఎవరైనా చెబితే ఊరికే తలూపి, కొనకుండా వచ్చెయ్. ఖాళీ స్లాటుంటే ఇంకో 8 చాలు కదా. నీ మోడల్ ఎంతవరకు తీసుకుంటుందో మాత్రం కంపెనీ వెబ్‌సైట్లో చూసుకో. మూత విప్పితే వారంటీ పోతుందేమో కూడా ముందే అడుగు.

బిగించడం నువ్వే చెయ్యి. భయం వద్దు. స్లీప్‌లో పెట్టడం కాదు, పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి, ఛార్జరు తీసెయ్. మరలు ఏవి ఎక్కడివో తెలిసేలా కాగితం మీద వరసగా పెట్టు, పొడుగువి పొట్టివి కలిసిపోతే తరవాత ఏడుపే. లోపల బ్యాటరీ తీగ ఊడదీయి. పలకను ముట్టుకునే ముందు ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకో, ఒంట్లో ఉన్న స్థిరవిద్యుత్తు పోతుంది. నేను పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సర్క్యూట్ కార్డులు తీసేముందు మణికట్టుకి తీగ ఉన్న పట్టీ కట్టుకునేవాళ్ళం, నవ్వేవాళ్ళు కూడా కట్టుకునేవాళ్ళు. పలకను అంచులు పట్టుకుని, బంగారు రంగు పిన్నులను తాకకుండా, ఏటవాలుగా గాడిలోకి చివరిదాకా తోసి, మెల్లిగా కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. టక్కుమన్న చప్పుడు వినిపించాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగా ఉండిపోవచ్చు. కొత్త ర్యామ్‌తో పరిచయం చేసుకుంటుంది, కంగారుపడి మధ్యలో ఆపేయకు. ఎంతకీ రాకపోతే, లేదా కుయ్‌కుయ్‌మంటే, తీసి మళ్ళీ సరిగా పెట్టు, తొంభై పాళ్ళు అదే.

ఇక ఆఖరుకి, ఆ పలకలో ఏముందో చెప్పాలి. ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అనే ఆయనకి 1966లో ఒక ఆలోచన వచ్చింది: ఒక్క ట్రాన్సిస్టరు (తలుపు లాంటి స్విచ్చి), ఒక్క చిన్న కెపాసిటరు (విద్యుత్తు దాచుకునేది), ఈ రెంటితో ఒక గది కడితే చాలు, అందులో ఒక సున్నానో ఒకటినో దాచొచ్చని. 1968లో పేటెంటు వచ్చింది. నీ ల్యాప్‌టాప్ ఇవాళ్టికీ ఆ గదులతోనే నడుస్తోంది. చిత్రమేమంటే, ఆ గదిలో పెట్టిన విద్యుత్తు నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకని ప్రతి గదినీ సుమారు 64 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకి పదిహేనుసార్లు, చదివి మళ్ళీ నింపాలి. ఎండకి నెర్రెలు విచ్చే కళ్ళాన్ని మళ్ళీ అలికినట్టు. (నానమ్మ లోపలికి వెళ్ళింది, అందుకే మళ్ళీ కళ్ళం మాట రాశాను.) నువ్వు టీ తాగుతూ కిటికీలోంచి చూస్తున్నంతసేపూ లోపల ఆ అలుకుడు సాగుతూనే ఉంటుంది.

అలాంటి గదులు 8 జీబీ పలకలో 6,871 కోట్లు. భూమ్మీద మనుషులు సుమారు 800 కోట్లు. అంటే మనిషికి ఎనిమిది గదులు పైనే. అది ఎలా చేస్తారని అడగకు. నాకు తలుచుకుంటేనే నోరు పెగలదు, వివరించడం ఇంకో పుట్టు పుట్టాక.

కొత్త పలక డబ్బాలోంచి తీశాక వెంటనే పెట్టెయ్యకండి. వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, బుజ్జిగాడి చేతికి భూతద్దం ఇవ్వు, పలక నీ చేతిలోనే ఉంచుకో. నల్లగా, చదరంగా ఉన్న పెద్ద చిప్పులు ఎన్నున్నాయో వాణ్ణి లెక్కపెట్టమను, రెండు వైపులా. కొన్నింటికి నాలుగుంటాయి, కొన్నింటికి ఎనిమిది. 6,871 కోట్లను ఆ సంఖ్యతో కాగితం మీద వాడిచేతే భాగించించు, కాలిక్యులేటర్ వద్దు. జవాబు నాకు ఫోన్లో చెప్పాకే స్లాట్‌లో పెట్టండి.

మీ
తాతయ్య