గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు: అపోహలు, వాస్తవాలు

కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల కాగితాలు చూసిపెట్టడం, అక్కడ చిక్కుల్లో పడితే ఇక్కణ్ణుంచి ఫిర్యాదులు రాయించడం నా పని. మాది రాజంపేట వైపు. ఇక్కడైనా గోదావరి జిల్లాల్లోనైనా కువైట్‌కు ఎవరూ వెళ్లని వీధి అరుదు. గ్లోబలైజేషన్ అనగానే చాలామందికి హైటెక్ సిటీ గుర్తొస్తుంది. నాకు మాత్రం పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో చుట్టి చేతిసంచిలో అడుగున దాచుకొచ్చే ఆడమనిషి గుర్తొస్తుంది. ఆమె గురించి రోజూ వినే మాటల్లో కొన్నింటికైనా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

అపోహ: ఏమీ తెలియక, ఏజెంటు మాయమాటలు నమ్మి వెళ్తారు.

వాస్తవం: మోసాలు ఉన్నాయి, చూస్తూనే ఉన్నాను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అక్కడి కష్టం ముందే తెలుసు. అక్కో, వదినో, మేనత్తో వెళ్లొచ్చి ఉంటుంది. లెక్క వేసుకునే బయల్దేరుతారు. ఒకామె పిల్లల నోటుబుక్కు వెనక అట్ట మీద రాసిన లెక్క నాకు చూపించింది. బోరు అప్పు, పెద్దపిల్ల ఫీజు, కుదువపెట్టిన కమ్మలు ఒక పక్క. నెలనెలా పంపగలిగే డబ్బు ఇంకో పక్క. కింద గీత గీసి ‘2 సం. 2 నెలలు’ అని రాసుకుంది. "పోకుంటే ఇదంతా ఎట్ల తీరుతాది అక్కా?" అంది. ఆమెకు తెలియంది ఒకటే. ఏజెంటు వాట్సాప్‌లో పంపింది విజిట్ వీసా. దాని మీద పనిచేసే హక్కు లేదు, జీతం ఎగ్గొడితే గట్టిగా అడగడానికీ ఉండదు. ఆ సంగతి ఏజెంటు కావాలనే చెప్పలేదు.

అపోహ: 30 ఏళ్ల నిబంధన ఆడవాళ్లను కాపాడుతోంది.

వాస్తవం: పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కిందికి, అంటే విదేశాల్లో పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి అనే కోవలోకి వస్తుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. వాళ్లలో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే అదనంగా 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలన్న షరతూ వచ్చింది. మన దగ్గర ఆంధ్రకు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి. మగవాళ్లకు ఈ రెండు షరతులూ లేవు.

పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ 26 ఏళ్ల తల్లికి 30 వచ్చేదాకా వడ్డీ ఆగదు. విజిట్ వీసాకు ఈ అనుమతి అక్కర్లేదు కాబట్టి సబ్ ఏజెంటు ఆమెను దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దించి, అక్కణ్ణుంచి ఏదో ఒక ఇంట్లో పెడతాడు. ఈ అనుమతులు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఆమె పేరు ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ఉండాల్సిన 10 లక్షల బీమా ఉండదు. తీసుకెళ్లినవాడి సంతకం ఎక్కడా ఉండదు. ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే యజమాని పేరు, ఇంటి అడ్రసు దగ్గరే పెన్ను ఆగిపోతుంది. ఈ వయసు షరతు ఎత్తేయాలన్నది ఇన్నేళ్ల పని తర్వాత నా గట్టి అభిప్రాయం. చట్టబద్ధమైన దారి మూసేశాం కాబట్టే వాళ్లు దొంగదారిన వెళ్తున్నారు.

అపోహ: పాస్‌పోర్టు సేఠు (యజమాని) దగ్గరే ఉండాలి, అక్కడి రూలు అంతే.

వాస్తవం: కాదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసమే 68వ నంబరు చట్టం తెచ్చింది. పనిచేసే ఆమె ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు పెట్టుకోకూడదు. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. వారానికో సెలవు, ఏటా 30 రోజుల జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. చాలా ఇళ్లలో ఇది అమలు కాదు, ఎందుకంటే ఆమె అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కఫీల్ చేతిలో, అంటే వీసా ఇప్పించిన యజమాని చేతిలో ఉంటుంది. చెప్పకుండా ఇల్లు దాటితే పారిపోయిందని కేసు పెడతాడు, మనవాళ్ల మాటలో ఆమె ‘ఖల్లివెల్లి’ అయిపోతుంది. పైగా పనివాళ్లను తెప్పించే అక్కడి ఆఫీసుకు డబ్బు కట్టింది తామే కాబట్టి "నిన్ను కొన్నాను" అనే యజమానులు ఉన్నారు. అందుకే వెళ్లేముందు ఈ అంకెలు కంఠతా పట్టిస్తాను. రేపు ఎంబసీ మెట్లెక్కాల్సి వస్తే తనకు ఏం రావాలో తనే చెప్పగలగాలి.

అపోహ: తల్లి వెళ్తే పిల్లలు పాడైపోతారు.

వాస్తవం: జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు దశాబ్దాలుగా గల్ఫ్ వెళ్తున్నారు. తండ్రి దగ్గర లేకపోతే పిల్లలు ఏమైపోతారని వాళ్లను ఎవరైనా నిలదీశారా? పిల్లల మీద ప్రభావం ఉండదని నేను అనను. కువైట్‌లో బిడ్డను మన ఆమె ఎత్తుకుంటే, ఆమె బిడ్డను అమ్మమ్మ ఎత్తుకుంటుంది. అమ్మమ్మకు చేతకాకపోతే పెద్దకూతురు బడి మానేస్తుంది. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇదే. ఇలా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే సాకుడు పనికి ఆర్లీ హోషీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2000లో ‘గ్లోబల్ కేర్ చైన్’ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లో ఒకామె ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలన్నా ఆమె ఇంట్లో ఇంకో ఆడమనిషి పసిబిడ్డను చూసుకోవాలి కదా. ఈ వరుసలో భర్తలు ఎక్కడా కనిపించరు. ఇలా ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కులపై 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందానికి మన దేశం ఓటేసింది, ఆమోదం మాత్రం ఇంకా తెలపలేదు.

అపోహ: సంపాదించేది ఆమె కాబట్టి ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది.

వాస్తవం: డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చూడాలి. ఆరేళ్లు చేసి వచ్చిన ఒకామెను బ్యాంకుకు తీసుకెళ్లాను. పంపిందంతా భర్త ఖాతాలో పడింది. ఇల్లు కట్టారు, పట్టా ఆయన పేరు మీద ఉంది. తన ఖాతా పాస్‌బుక్కులో మిగిలింది 1,140 రూపాయలు. ఆమె ఏడవలేదు. పాస్‌బుక్కును రెండుసార్లు తిప్పి చూసి మూసేసింది. అప్పటినుంచి వీసా కంటే ముందు ఖాతా సంగతి అడుగుతున్నాను. ఆమె పేరు మీదే ఖాతా, ఏటీఎం కార్డు ఆమె దగ్గరే, బ్యాంకు మెసేజీలు ఆమె ఫోనుకే. ఇంటికి ఎంత పంపాలో అక్కణ్ణుంచి ఆమే నిర్ణయించుకుంటుంది.

మొన్న ఆమే చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది, ఖాతా తెరిపించమని. ఆ పిల్లకు 27, పదో తరగతి తప్పింది. మూడేళ్లు ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముందు ఓపెన్ స్కూల్‌లో పదికి ఫీజు కట్టించాం, పాసైతే ఈసీఆర్, దాంతో వయసు షరతు తప్పుతాయని.